పిల్లల కాటాలో పుంజు

పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. నేను రెండో గుడ్డు పెంకు వలుస్తున్నాను. వేళ్లతో చిదిపి, నానబెట్టిన చోళ్లలో, అంటే రాగుల్లో, కలపాలి. పొద్దు ఇంకా కొండ దాటి రాలేదు. వాకిట్లో ఆరబోసిన కాఫీ పళ్ల మీద మంచు తడి అలాగే ఉంది.

"నీల్లు కాగాయేటే?" పెరట్లోంచి మా బావ కేకేశాడు.

తపేలా దించి తీసుకెళ్లాను. మా బావ రవిబాబు ముందు మోచెయ్యి ముంచి చూశాడు. చంటిబిడ్డకి నీళ్లు పోసే ముందు ఆడవాళ్లు అలాగే చూస్తారు. కాసిని చన్నీళ్లు కలిపి, మళ్లీ మోచెయ్యి పెట్టి, అప్పుడు గంప ఎత్తి పుంజుని ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఏటి నాయినా, సలేత్తందా? రా, రా. బేగి అయిపోద్ది."

అంత మెత్తటి గొంతు అతనికి ఉందని మా పెళ్లయిన రెండేళ్లలో నాకు తెలియదు. ఈ పుంజు వచ్చాక తెలిసింది. నాకు ఏడో నెల. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చలేస్తోందా అని నన్నెవరూ అడగలేదు.

అది ఎర్ర పుంజు. ఆ రంగు పుంజుని డేగ అంటారట. మా బావ దాన్ని అదే పేరుతో పిలుస్తాడు. నన్ను "ఏటే" అంటాడు.

ఆ గుడ్లు నావి. కడుపుతో ఉన్నవాళ్లకి అంగన్‌వాడీలో ఇస్తారు. సెంటరు కొండ కింద ఉంది. రోజూ దిగి ఎక్కలేనని డాలీ అక్క వారానికి సరిపడా ఒకేసారి ఇచ్చేస్తుంది. అక్కడ టీచరు ఆమే. మొదట్లో మా బావ ఒక్క గుడ్డు అడిగాడు. "రోజూ తింటే నీకూ ఎగటే కదా, రోజిడిసి రోజు దానికియ్యి" అన్నాడు. తర్వాత రోజూ అడిగాడు. ఇప్పుడు అడగడం కూడా లేదు. నేనే ఉడకబెట్టి, నేనే వలిచి, పెరట్లోకి పట్టుకెళ్తున్నాను. తిన్నావా అని డాలీ అక్క అడిగితే తిన్నాననే చెబుతున్నాను.

ఒక సాయంత్రం కడుపులో బిడ్డ గట్టిగా కదిలింది. మా బావ చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టుకున్నాను. అతని మొహం వెలిగింది. నోరు తెరిచి ఏదో అనబోయాడు. అంతలో పెరట్లో పుంజు తుమ్మినట్టు చప్పుడు చేసింది.

"దానికి జలుబు సేసినట్టుందే" అని చెయ్యి లాక్కుని లేచిపోయాడు.

అతని అరచెయ్యి ఉన్న చోటు చల్లబడింది. లోపల బిడ్డ ఇంకా తంతూనే ఉంది. ఆ పూట నాకు కలిగిన కుళ్లు ఇంతా అంతా కాదు. ఒక ఆడదాని మీదైతే వాడలో అందరూ ఓదార్చేవాళ్లు. కోడిపుంజు మీద అంటే నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు.

మొదట్లో మా బావ శుక్రవారం సంతకి మాత్రమే వెళ్లేవాడు. సంత చివర తోటలో కాళ్లకి కత్తులు కట్టి పందేలు వేస్తారు. మన్యంలో రోజుకో ఊళ్లో సంత. శుక్రవారానికి ఆదివారం తోడైంది, ఆ తర్వాత మంగళవారం. గెలిస్తే ఇంకోటి గెలవాలని వెళ్తాడు. ఓడితే పోయింది తేవాలని వెళ్తాడు. సంత లేని రోజు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. పలకరిస్తే కసురుతాడు. తోటలో కాఫీ పళ్లు పండి, రాలి, నేల మీద నల్లబడుతున్నాయి.

మా మామ పైడయ్య ఆ రోజు వాకిట్లో కాఫీ పళ్లు తిరగేస్తున్నాడు. ఆయనా ఒకప్పుడు పందేలాడినవాడే.

"నాను ఆడలేదేటమ్మా? ఆడీవోణ్ణి. మీ అత్త కొంగుముడి ఇప్పి ఎంతిత్తే అంతే. అదయిపోతే పొద్దుండగానే ఇంటికి. జిలేబీ పొట్లం అట్టుకుని మరీ."

"అంతా అయిపోతే జిలేబీ ఎలా కొన్నావు మామా?"

"జిలేబీకి ఏరే ముడి. అది ముట్టుకుంటే మీ అత్త సంపీసును." నవ్వి, పెరటివైపు చూసి, నవ్వు ఆపేశాడు. "నాను ఇంటికాణ్ణుంచి పందేనికెల్లీవోణ్ణి. ఆడు పందెంకాణ్ణుంచి ఇంటికొత్తన్నాడు, సుట్టంలాగ."

పెరట్లోంచి మా బావ విన్నాడు. "ఒక్క పెద్ద పందెం కొట్టనీ అయ్యా. అన్నీ ఆపీసి తోటలోకే ఎల్తాను."

"ఈ మాట సంతకోసారి ఇంటన్నాను" అన్నాడు మామ.

ఆ బుధవారం నన్ను అంగన్‌వాడీకి బండి మీద తీసుకెళ్తానని మా బావ తనంతట తనే అన్నాడు. నేను పొంగిపోయి మంచి చీర కట్టుకున్నాను. తీరా బండెక్కేసరికి అతని ముందు, దుప్పట్లో చుట్టిన పుంజు ఉంది. దారంతా దాని తల నా వైపు తిరిగి చూస్తూనే ఉంది.

సెంటర్లో దూలానికి పిల్లల బరువు చూసే కాటా వేలాడుతుంది. దానికి నీలం గుడ్డసంచీ, అడుగున కాళ్లు దూర్చడానికి రెండు కంతలు. నేను గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి వెళ్లేసరికి ఆ సంచీలో పుంజు ఊగుతోంది. పసిబిడ్డల కాళ్లు ఉండాల్సిన చోట దాని పచ్చటి కాళ్లు వేలాడుతున్నాయి.

"మూడు కేజీల రెండొందలు!" అన్నాడు మా బావ. కళ్లలో నీళ్లు తిరగడమొక్కటే తక్కువ.

డాలీ అక్క వంటగదిలోంచి గరిటెతో వచ్చింది. "ఒరే రవీ! పిల్లల కాటాలో పుంజుని ఏలాడదీత్తావేట్రా? సిగ్గు లేదేటి?"

"తుడిసేత్తానక్కా. ఇది రోజూ ఏన్నీళ్ల తానం సేత్తది. మీ పిల్లలకన్నా సుబ్బరం."

పిల్లలు కిలకిల నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు.

"నీ పెళ్లానికి ఎన్నో నెలరా?" అని అడిగింది డాలీ అక్క.

"ఐదు... కాదు, ఆరో."

"మరి దీనికి?"

"పదిహేను నెలల మీద పది రోజులు" అన్నాడు, తడుముకోకుండా.

డాలీ అక్క అతన్నీ పుంజునీ బయటికి గెంటింది. నన్ను పెద్ద కాటా ఎక్కించింది. పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. ఆమె కాటా వైపు చూసింది, కిటికీలోంచి బయట పుంజు వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది.

"గుడ్లు తింటన్నావా?"

"తింటన్నానక్కా."

"నీ కడుపులో బిడ్డ ఆ పుంజంత బరువుకి రావాలి గుంటా. ఇలాగైతే రాదు. రక్తం కూడా తక్కువుంది. ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం స్కానింగు. నాను ఆటో మాట్లాడి మిగతావోళ్లని తీసుకెల్తాను. రవి నిన్ను బండి మీద తేవాలి. డాక్టరమ్మ ఇద్దరితోటీ మాటాడాలంది."

ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఒకటడుగుతాను. మానేత్తానని మళ్లీ ఎల్తన్నాడా? ఎక్కడికెల్లేవంటే అబద్ధం సెప్తన్నాడా? ఎల్లని రోజు సిరాగ్గా ఉంటన్నాడా? పోయింది తెత్తానని ఇంకా పెద్దది ఏత్తన్నాడా?"

అన్నిటికీ తల ఊపాను.

"మా తమ్ముడు ఐజాక్‌కి ఫోన్లో పేకాట. ఇలాగే. మంచోడే కదా, ఆడే మానేత్తాడని మేమంతా ఏడాది కప్పెట్టాం. అదే మేం సేసిన తప్పు. ఇది ఒట్టి సెడ్డబుద్ధి కాదు, జబ్బు. విశాఖ పెద్దాసుపత్రిలో దీనికీ డాక్టర్లున్నారు. కానీ ముందు ఇంట్లోవోళ్లు అబద్ధాలాడ్డం మానాలి."

అంతా విన్నాను. కానీ నా కళ్ల ముందు ఆ నీలం సంచీయే ఊగుతోంది. జబ్బూ లేదు గిబ్బూ లేదు, ఆ పుంజు లేకపోతే నా మొగుడు నాకు ఉంటాడు అనుకున్నాను. స్కానింగుకి నా పక్కన కూర్చుంటాడు అనుకున్నాను.

"పందెం రోజు పొద్దున దానికేం పెట్టకు, పొట్ట బరువైతే ఎగరదు" అని మా బావ ఎప్పుడూ చెప్పేవాడు.

స్కానింగుకి ముందు వచ్చిన ఆ శుక్రవారం, అతను చెరువుకి వెళ్లగానే గంప ఎత్తాను. చోళ్లు పెట్టాను, రాత్రి అన్నం పెట్టాను, గుడ్డు పెట్టాను. అది నా అరచేతిలోంచే తింది. మెడ కింద తిత్తి ఉండలా బిగిసేదాకా పెడుతూనే ఉన్నాను. దాన్ని తాకడం నాకదే మొదటిసారి. ఒళ్లు వెచ్చగా ఉంది. నన్ను నమ్మింది.

సాయంత్రం మా బావ ఉత్త చేతులతో వచ్చాడు. పుంజుని చుట్టిన దుప్పటి మడతపెట్టి భుజాన ఉంది. ఓడిన పుంజు గెలిచినవాడిది, అది సంత కట్టుబాటు. ఈపాటికి ఎవరింట్లోనో కూర ఉడుకుతూ ఉంటుంది.

అతను ఏడుస్తాడనుకున్నాను. ఏం చెప్పి ఓదార్చాలో మనసులో కూర్చుకుని ఉన్నాను. అతను కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. పులుసు రెండోసారి అడిగి పోయించుకున్నాడు.

"పొద్దుట్నుంచే మందకొడిగుంది" అన్నాడు ముద్ద నములుతూ. "ఆవలూరోడికాడ నెమలి రంగు పుంజుంది. అదైతే కొట్టీసును."

అంతే. డేగ పేరు కూడా ఎత్తలేదు. మోచెయ్యి ముంచి నీళ్లు చూసింది ఇతనేనా అనుకున్నాను. దానికేదో దక్కుతోందని నేను కుళ్లుకున్నాను. దానికీ ఏం దక్కలేదు. వెచ్చటి ఆ ఒళ్లు నా అరచేతికి గుర్తొచ్చి నాకే అన్నం దిగలేదు. అయినా ఆ పూట నాలో సంతోషమే ఎక్కువ ఉంది, అబద్ధమెందుకు.

తర్వాత నాలుగు రోజులు నావి. మా బావ తోటకి వచ్చాడు. నీళ్ల బిందె నన్ను ముట్టుకోనివ్వలేదు. "శుక్రవారం నిన్ను ఎక్కించుకెల్లడానికి బండి తుడిసీసి ఉంచుతాను. పుంజుల ఊసెత్తితే సెప్పుతో కొట్టు" అన్నాడు. గెలిచింది నేనే అనుకున్నాను. కానీ అన్నం ముందు కూర్చున్నప్పుడు అతని చూపు మళ్లీ గోడ మీదికి వెళ్లేది. ఆ మట్టిగోడలో అతనికేం కనబడుతోందో నాకు కనబడేది కాదు. అదేదో నాకంటే అందమైనదే అయి ఉండాలి. పుంజునైతే గంపెత్తి చూడగలిగాను. దీన్ని ఎక్కడ వెతికి చూడను?

గురువారం నేను కట్టెలు తెచ్చేసరికి అరుగు పక్కన బండి లేదు.

"మెకానిక్కాడుంది. బ్రేకు పని" అన్నాడు నా మొహం చూడకుండా.

పెరట్లోకి వెళ్లాను. బోర్లించిన గంప, పైన రాయి. ఎత్తి చూశాను. మెడ మీద నీలంగా మెరిసే కొత్త పుంజు నన్ను చూసి తల పక్కకి వాల్చింది. ఆవలూరి నెమలి.

మామ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. "బండిచ్చి తెచ్చినాడమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆయన కాఫీ పళ్లు తిరగేయడానికి కూడా లేవలేదు.

మా బావ పరుగున నా వెనకే వచ్చాడు. "ఇను, ఇను. రేపు పెద్ద పందెం. గెలిత్తే బండీ ఒత్తాది, మొన్న పోయిందీ ఒత్తాది. స్కానింగు ఎక్కడికి పోద్ది? సోమారం నానే ఎక్కించుకెల్తాను. ఒట్టు."

నా కడుపు మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. వారం రోజుల క్రితమైతే ఆ చెయ్యి కోసం ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా. పుంజు పోయింది, అతను మాత్రం అక్కడే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున లేచి పొయ్యి వెలిగించాను. నీళ్లు పెట్టాను. రెండు గుడ్లు ఉడకబెట్టి పెంకు వలిచాను.

"నీల్లు కాగాయేటే?" పెరట్లోంచి కేక.

తపేలా దించాను. మోచెయ్యి ముంచి చూశాను. కాసిని చన్నీళ్లు కలిపి, మళ్లీ చూసి, తడికె చాటుకి పట్టుకెళ్లి నా ఒంటి మీద పోసుకున్నాను. పొట్ట మీద వేడి నీళ్లు జారుతుంటే లోపల బిడ్డ ఒక్కసారి ఒత్తిగిల్లింది.

చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని గుడ్డు తినడం మొదలుపెట్టాను. మామ చూశాడు. ఉప్పు డబ్బా నా వైపు జరిపాడు. రెండో గుడ్డు ఉప్పద్దుకుని తిన్నాను.

"గుడ్లేవే? నీల్లేవి?" మా బావ నెమలిని చంకలో పెట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చాడు. "అదేటి, నువ్వు తినేత్తన్నావేటి? దీనికి?"

నేను లేచాను. ఆసుపత్రి కార్డు చేతిసంచీలో పెట్టుకున్నాను. డాలీ అక్క ఆటో ఎనిమిదింటికి కింద మలుపులో ఆగుతుంది. ముందు ఆమెకి గుడ్ల సంగతి చెప్పాలి. ఆ తర్వాత విశాఖ డాక్టర్ల సంగతి అడగాలి.

"ఏటే, నిన్నే. ఎక్కడికి? సోమారం ఎల్దామన్నాను కదా. సోనీ!"

పుంజు వచ్చాక అతను నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. తిరిగి చూశాను. చంకలో నెమలి బెదిరి రెక్కలు కొట్టింది. అతను వెంటనే తల దించి దాని మెడ నిమరసాగాడు.

దండెం మీద డేగని చుట్టిన దుప్పటి ఆరేసి ఉంది. దాన్ని లాగి భుజాల చుట్టూ కప్పుకుని గడప దాటాను.