మగ్గం గుంటలో దిగిన చెప్పు

నేను ఒక చెప్పుని. కుడికాలి చెప్పుని. మా బతుకు మీకు తెలియనిదేమీ కాదు. ముళ్ళూ రాళ్ళూ మా వంతు, నడిచిన ఘనత మీ వంతు. కోపమొస్తే ముందు మా పేరే ఎత్తుతారు. ఎవడినైనా ఊరందరి ముందూ అవమానించాలంటే మమ్మల్ని దండ గుచ్చుతారు. గుడికి వెళ్ళినప్పుడు మీ మనసు సగం మా దగ్గరే ఉంటుంది, అయినా మమ్మల్ని గుమ్మం దాటి రానివ్వరు. ఇదంతా నిష్ఠూరం కోసం చెప్పడం లేదు. చెప్పుగా పుట్టినందుకు గడప బయట ఉండటం మాకు అలవాటే. నేను మాత్రం గడప దాటాను. దాటి, మా జాతిలో ఎవరూ అడుగుపెట్టని చోటికి వెళ్ళాను. ఆ సంగతే మీకు చెప్పాలని నా ఆరాటం.

నా కథ నా పుట్టుకకు ముందే మొదలైంది. చీరాల దగ్గర ఒక నేతపల్లెలో మార్కండేయులు అని ఒక నేతగాడున్నాడు. ఆయనది గుంటమగ్గం. నేలలో నడుంలోతు గుంట తవ్వి, గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి దించి నేస్తారు. పైన చేతులు అడ్డపోగు మోసే నాడె విసురుతుంటే, కింద ఒట్టికాళ్ళు రెండు తొక్కుడు చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతుంటాయి. కాళ్ళు లేకపోతే నేత లేదు. ఈ చిన్న విషయం చీరకట్టుకునే వాళ్ళెవరికీ తట్టదు.

మార్కండేయులికి ఏనాటి నుంచో షుగరు. బీడీ అంతకంటే ముందు నుంచీ ఉంది. కొన్నాళ్ళుగా నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసేవి. వీధిలో నడుస్తూ నడుస్తూ ఎవరింటి ముందో ఆగి, అవసరం లేని కబుర్లు పెట్టుకుని, నొప్పి తగ్గాక కదిలేవాడు. ఊళ్ళో వాళ్ళేమో "మార్కండేయులు ఎంత కలుపుగోలు మనిషి" అని మెచ్చుకునేవాళ్ళు. పాదం ఎప్పుడూ చల్లగా ఉండేది. గుంటలో చెమ్మ వల్ల అనుకున్నాడు. కాళ్ళ నాళాలు పూడుకుపోయి రక్తం కిందిదాకా పారడం లేదని ఆయనకేం తెలుసు?

వానాకాలం వచ్చింది. ముసురు పట్టినప్పుడు పడుగు తేమెక్కి పోగులు తెగుతాయని, నేతగాళ్ళు గుంటలో ఓ పక్కన నిప్పుల కుంపటి పెట్టుకుంటారు. మార్కండేయులూ పెట్టుకున్నాడు. చల్లటి పాదానికి ఆ సెగ హాయిగా ఉంటుందని కుడికాలిని కుంపటి దగ్గరికి జరిపి నేసుకుంటూ కూర్చున్నాడు. షుగరు ముదిరిన పాదానికి వేడీ నొప్పీ తెలియవు. కండెలు చుడుతున్న భార్య భద్రమ్మ ముక్కుకు వాసన తగిలింది.

"ఏమయ్యా, నూలేమన్నా కాల్తందా?" అని వచ్చి చూసింది. కాలుతున్నది నూలు కాదు.

ఇవన్నీ నేను కళ్ళారా చూసినవి కావు. భద్రమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఏడుస్తుంటే విన్నవి. బొటనవేలి కింద, అడుగు భాగాన బొబ్బలేచింది. పసుపు పెట్టారు, ఎవరో చెప్పిన ఆకు పసరు పోశారు. పుండు మానలేదు సరికదా, అంచులు నల్లబడ్డాయి. చివరికి గుంటూరు వైపు ఒక పాత మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడి డాక్టరమ్మ పేరు కాత్యాయని. ఆవిడ ముందు పుండు చూడలేదట. పాదం మీద రెండు వేళ్ళు ఆనించి నాడి కోసం వెతికిందట. దొరకలేదు. "నీళ్ళు రాని పొలంలో ఎరువెంత వేస్తే ఏం లాభం? ముందు కాలవ పూడిక తియ్యాలి" అని పట్నం పంపింది. అక్కడ తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, మూసుకుపోయిన నాళాన్ని చిన్న బుడగతో తెరిచారు. పాదం వెచ్చబడింది. నల్లటి కండ తీసేస్తే అడుగున ఎర్రటిది కనిపించింది. డాక్టరమ్మ మొహాన అప్పుడు నవ్వొచ్చిందట.

కానీ వెంటనే ఖచ్చితంగా చెప్పింది. "రక్తం వచ్చింది. దాన్ని నిలబెట్టుకోవడం మీ చేతుల్లో ఉంది. బీడీ ముట్టుకుంటే నాళం మళ్ళీ మూసుకుంటుంది. పుండు మీద బరువు పడితే ఎముక దాకా పోతుంది. అప్పుడిక పాదం తియ్యాల్సి వస్తుంది."

భద్రమ్మ బీడీకట్ట పొయ్యిలో వేసింది. ఇక బరువు సంగతి చూడటానికి నేను పుట్టాను.

ఒకప్పుడు కుష్ఠురోగులకు చెప్పులు కుట్టిన గది ఆ ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు అక్కడికి ఎక్కువగా షుగరు కాళ్ళే వస్తాయి. నన్ను చేసింది ఏసుపాదం. కాగితం మీద మార్కండేయులి పాదాన్ని నిలబెట్టి చుట్టూ గీత గీశాడు. మెత్తటి నల్ల రబ్బరు కోశాడు. సరిగ్గా పుండు ఆనే చోట రబ్బరు తొలిచి గుంట చేశాడు. అందరు చెప్పులకీ పాదాన్ని మోయడమే పని. నాకు మాత్రం ఒక్కచోట పాదాన్ని అసలు తాకకుండా ఉండటం పని. ఇలాంటి ఉద్యోగం ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు.

ఏసుపాదం నన్ను స్వయంగా తొడిగి పట్టీ అతికించాడు. "పెద్దాయనా, మంచం దిగితే చెప్పు. వంటింట్లో అయినా, దొడ్లో అయినా సరే. ఒట్టికాలు నేలమీద పెట్టమాక."

"ఇంట్లో చెప్పులేందయ్యా?" అన్నాడు మార్కండేయులు, ఏదో కూడని మాట విన్నట్టు.

"ఇంట్లోనే తిరుగుతావు గదా ఎక్కువ. గుండుసూది గుచ్చుకున్నా నీకు తెలవదు" అన్నాడు ఏసుపాదం. గడప బయట ఆగిపోవడం అంటే ఏమిటో అతనికి నాకంటే బాగా తెలుసు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

అలా గడప దాటాను. ఇంటికి రాగానే భద్రమ్మ నా అడుగులు కడిగి తుడిచి లోపలికి రానిచ్చింది. పక్కింట్లో ఉండే మార్కండేయులి అక్క కోటమ్మ మాత్రం నన్ను చూసి మండిపడింది. తండ్రి పోయాక తమ్ముడికి నేత నేర్పింది ఆవిడే. ఆ ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు.

"ఏరా, చెప్పులేసుకుని ఇల్లంతా తిరుగుతున్నావా? ముందు నన్ను తీసకపోయి కాటిలో పెట్టు, ఆ తర్వాత తిరుగుదువుగాని!"

"డాక్టరమ్మ చెప్పిందొదినా" అని భద్రమ్మ బతిమాలింది. కోటమ్మ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా మీదుగా దాటి వెళ్ళింది. నేను అప్పటికి ఒక్కరోజు చెప్పుని. నా దగ్గర కొత్త రబ్బరు వాసన తప్ప ఇంకేం లేదు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దాని మీద భద్రమ్మ పాత దుప్పటి కప్పింది. మార్కండేయులు నన్నేసుకుని వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు. తిరుగుతూ తిరుగుతూ మగ్గం గది ముందు ఆగేవాడు. ఒకరోజు భద్రమ్మ సంతకెళ్ళింది. ఆయన నా పట్టీలు విప్పి, నన్నూ నా ఎడమ జోడునూ గట్టు మీద పక్కపక్కన పెట్టి, మగ్గం దూలాన్ని తాకి కళ్ళకద్దుకుని, ఒట్టికాళ్ళతో గుంటలోకి దిగాడు. టకటకా నాడె ఆడింది. గట్టు మీద కూర్చుని నేను ఆ చప్పుడు విన్నాను. ప్రతి చప్పుడుకూ పచ్చిపుండు చెక్కకు ఒత్తుకుంటోంది. అరవడానికి నాకు నోరేదీ?

మరునాడూ దిగాడు. ఆ మరునాడూ దిగాడు. భద్రమ్మ కంటపడితే "కాసేపేలే" అనేవాడు. భర్త మొహంలో వెలుగు చూసి ఆమె కూడా ఊరుకుంది. ప్రేమ ఉన్నచోట మనుషులు ఇలాగే తెలివి తప్పుతారు.

ఆసుపత్రిలో కాత్యాయని కట్టు విప్పి చూసి నొసలు ముడిచింది. మూసుకుపోతున్న పుండు మళ్ళీ వెడల్పయింది.

"చెప్పు వేసుకుంటున్నారా?"

"ఇంట్లో గూడా విప్పటంలేదమ్మా."

డాక్టరమ్మ ఆ గాజుగుడ్డ మడతలోంచి సన్నటి ఎర్ర నూలుపోగును లాగి, ఆయన అరచేతిలో పెట్టింది. మార్కండేయులు తలొంచుకున్నాడు.

"మగ్గం మాకు తల్లమ్మా. గుంటలో చెప్పుకాలు పెడితే తల్లి గుండెల మీద పెట్టినట్టే. మా తాత పెట్టలా, మా నాయన పెట్టలా. నేనెట్టా పెట్టేది?"

ఆవిడ నవ్వలేదు, కసరలేదు. కొత్త కట్టు కడుతూ చెప్పింది. "పుండు మూసుకునేదాకా మగ్గం వద్దు. మూసుకున్నాక కూడా ఒట్టికాలితో తొక్కితే మళ్ళీ తెరుచుకుంటుంది. ఈసారి పాదం నేను కాపాడలేను, మార్కండేయులు గారూ. చెప్పుతో నేస్తారో, నేత మానేస్తారో మీరే తేల్చుకోండి."

ఆయన తేల్చుకున్నాడు. నేత మానేస్తానన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన మాట వినబడలేదు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు. పుండు రోజురోజుకీ చిన్నదవుతోంది, మనిషి అంతకంటే చిన్నవాడవుతున్నాడు. నాకు భయమేసింది. పాదాన్ని చూసుకోవడానికే నన్ను చేశారు, మనిషిని చూసుకోవడం నాకు చేతకాదు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వేళ్ళ మధ్య బీడీ ఉంది. ముట్టించలేదు, పక్కనే అగ్గిపెట్టె. కోటమ్మ చూసింది.

"ఎక్కడిదిరా అది?"

"కాల్చలేదక్కా. ఊరికే పట్టుకున్నా. చేతులు ఊరుకోటంలా." ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. "మగ్గం దిగనోడికి కాలుంటే ఎంత, పోతే ఎంత?"

కోటమ్మ కళ్ళు నిండటం నేను కింద నుంచి చూశాను. వంగి, తమ్ముడి కాలి నుంచి నా పట్టీ విప్పింది. చెప్పు పేరు చెబితే కొంగు అడ్డం పెట్టుకునే ఆ మనిషి, నన్ను రెండు చేతులతో పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

భద్రమ్మ పరుగెత్తుకొచ్చింది. "వదినా, నువ్వు చెప్పు కడగటమేంది!"

"నువ్వు పసుపు తే. కుంకం గూడా తే."

నన్ను కడిగింది, నా జోడునూ కడిగింది. తడి పసుపు రాసి, పట్టీ మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఆ తడివేళ్ళతోనే తమ్ముడి వైపు తిరిగింది.

"కొత్త అచ్చు తెస్తే బొట్టు పెట్టి మగ్గానికి కడతాం. కొత్త నాడె తెస్తే బొట్టు పెట్టి వేస్తాం. మగ్గానికి కట్టిందల్లా మగ్గమే గదరా? ఈ రెంటినీ తీసకపోయి తొక్కుడు చెక్కలకి బిగించు. బిగించినాక ఇది చెప్పెట్టా అయిద్ది? మగ్గం సామాను అయిద్ది."

మార్కండేయులు అక్క మొహంలోకి చూశాడు. "తల్లి ఒప్పుకుంటదా అక్కా?"

"కాలు పోగొట్టుకుని రమ్మని ఏ తల్లన్నా అంటదంట్రా?"

ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బీడీ ఎప్పుడు చేతిలోంచి జారిపడిందో ఎవరూ చూడలేదు. పొద్దున ఊడ్చేటప్పుడు భద్రమ్మ చెత్తలో కలిపేసింది.

నేను వెంటనే గుంటలోకి దిగలేదు. పుండు పూర్తిగా మూసుకునేదాకా డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఈసారి మాత్రం మార్కండేయులు మారుమాట్లాడకుండా ఎదురుచూశాడు. అడుగు వేస్తే నన్నేసుకునే వేశాడు. నా రబ్బరులో తొలిచిన గుంటకు పైన ఎర్రటి పుండు గులాబిరంగుకు మారింది. కందిగింజంత అయింది. తర్వాత అక్కడ చర్మం తప్ప ఏమీ లేదు.

అప్పుడు కాత్యాయని ఆయన చూపుడువేలు పట్టుకుని, ఆయన పాదం మీదే ఒకచోట ఆనించింది. "ఏమైనా తెలుస్తోందా?"

ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు. "నాడె ఆడతంది తల్లీ" అన్నాడు.

ఆసుపత్రి నుంచి ఏసుపాదం కొత్త జత తెచ్చాడు. ఇంట్లో తిరగడానికి అవి. నన్నూ నా జోడునూ తొక్కుడు చెక్కలకు బిగించడం ఇంకెవరికీ చేతకాదని తనే వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రా నాయనా. అక్కడే నిలబడితే మగ్గం సామాను ఎవురు బిగిస్తారు?" అంది కోటమ్మ.

ఏసుపాదం తన చెప్పులు గడప బయట విప్పాడు. నన్ను చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. అతనూ నేనూ కలిసి ఒక ఇంట్లోకి వెళ్ళడం అదే మొదటిసారి. గుంటలో దిగి, చెక్క మీద నన్ను సరిచూసి, వార్లతో గట్టిగా కట్టాడు. కోటమ్మ అతనికి పీట వేసి మజ్జిగ ఇచ్చింది.

నేను నడిచే చెప్పుగా ఇక పనికిరాను. మామూలుగా మా ముసలితనం చెత్తకుప్ప మీద గడుస్తుంది. నేను మాత్రం నేల అడుగున చల్లటి చీకట్లో ఉన్నాను. నేను కిందికి దిగితే నా జోడు పైకి లేస్తుంది, అది దిగితే నేను లేస్తాను. పైన చీరలెన్ని అంచులు మార్చుకున్నాయో నాకు కనిపించదు. దసరానాడు నాడెకూ అచ్చుకూ పెట్టే బొట్టు మా ఇద్దరికీ పెడతారు. నా రబ్బరులో ఏసుపాదం తొలిచిన గుంట ఖాళీగా అలాగే ఉంది. ఆ పైన ఉండే పాదం వెచ్చగా ఉంటుంది.

మార్కండేయులు పొద్దున్నే మగ్గం దిగే ముందు దూలాన్ని తాకి కళ్ళకద్దుకోవడం మానలేదు. మొదట్లో అంతవరకే. నన్ను బిగించిన కొత్తలో, నా మీద కాలు పెట్టాలంటే ఇంకా జంకేవాడు. ఒకరోజు దూలానికి దండం పెట్టి, గుంటలోకి దిగాక ఆగిపోయాడు. వంగాడు. పట్టీ ఊడిందేమో, సరిచేస్తాడేమో అనుకున్నాను. నా మీద చెయ్యి ఆనించి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత కాలు నాలో పెట్టి నేత మొదలుపెట్టాడు.