ఆధారాలు సరిచూసిన మనిషి

బీన్స్ ఈనెలు తీస్తుంటే మా ఆయన లాప్‌టాప్ తెచ్చి గిన్నె పక్కన పెట్టారు. "ఈ జర్నల్ వాళ్ళ ఫారం నింపి పంపెయ్. ఏఐ వాడితే చెప్పాలట. ఇవాళే ఆఖరు."

చేతులు తుడుచుకుని చూశాను. ప్రొఫెసర్‌గారైన మా ఆయన పరిశోధనా వ్యాసం చివర కొత్తగా కృతజ్ఞతలు వెలిశాయి. భాష మెరుగుపరిచినందుకు ఏఐకి మూడు వాక్యాలు, ఎంతో వినయంగా. పంతొమ్మిదేళ్ళుగా ఆయన వాక్యాలకు తలా తోకా అతికించింది నేను. ఆ పనిలో పడి నా థీసిస్ మూడో అధ్యాయం దగ్గర ఆగి అటకెక్కింది. ఒక్కసారి, ఐదో వ్యాసమప్పుడు, నా పేరూ వేయమని అడిగాను. "ఇంట్లో మనిషికి ఎవరైనా థాంక్స్ చెప్తారా?" అని నవ్వారు. "వడ్డించినవాళ్ళకి వండిన పేరు వస్తుందా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. ఆ ఇంట్లో వండేదీ వడ్డించేదీ నేనేనని ఇద్దరికీ తట్టలేదు.

పాడు అలవాటు, పంపే ముందు ఆధారాల జాబితా, అంటే వ్యాసంలో ఉదహరించిన పుస్తకాలూ వ్యాసాలూ, సరిచూశాను. నలభై రెండింటిలో నాలుగు ఎక్కడా లేవు, యంత్రం అల్లినవి. ఒకటైతే ఆయన గురువుగారు నిరుడు రాసిన వ్యాసమట. గురువుగారు పోయి ఆరేళ్ళు. సంతాపసభలో ఈయన చదువుతూ కళ్ళొత్తుకున్న ప్రసంగం కూడా నేను రాసిందే.

హాల్లోకి వెళ్ళి చెప్పాను. న్యూస్‌పేపరు దించకుండానే, "నువ్వున్నావుగా, ఏదో ఒకటి సర్దెయ్. ఇది అచ్చయితేనే నాకు డీన్ పోస్టు, తెలుసుగా" అన్నారు.

తెలుసు. పోయిన మనిషి చేత వ్యాసం రాయించినవాడు డీన్ కాక ఏమవుతాడు? అసహ్యం వేసింది. ఆయన మీద కొంత, ఇన్నేళ్ళూ సర్దుతూ వచ్చిన నా మీద ఇంకొంత.

లాప్‌టాప్ దగ్గరికి తిరిగొచ్చి, ఫారంలో ఆఖరి ప్రశ్న హాల్లోకి వినపడేలా పైకి చదివాను. "ఆధారాలను సరిచూసింది ఎవరు? యంత్రం బాధ్యత వహించజాలదు కనుక మనిషి పేరే రాయాలి."

"ఇంకెవరు, నా పేరే రాయి."

పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో సహా నా పేరు రాశాను. కింద ఇంకో మూడు ముక్కలు: నలభై రెండూ చూశాను. నాలుగు అసలు లేవు. రచయితకు ముందే చెప్పాను. పంపే బటన్ నొక్కేసి, మళ్ళీ బీన్స్ ముందు కూర్చున్నాను.

"పంపావా?" హాల్లోంచి అడిగారు.

"పంపానండీ. మనిషి పేరు అడిగారుగా, రాశాను."