చిన్నల్లుడు ఎందుకు పరుగెత్తుతున్నట్టు?

బస్సు కదిలిపోతుంటే మనిషి పరుగెత్తుతాడు. వెనక కుక్క పడినా పరుగెత్తుతాడు. ఈ రెండూ కాకుండా పొద్దున్నే లేచి, ఎక్కడికీ వెళ్ళే పని లేకుండా, చేతిలో కనీసం ఒక సంచి లేకుండా పార్కు చుట్టూ పరుగెత్తి, మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చి నిలబడేవాణ్ణి ఏమనాలో పెద్దల్లుడికి తోచలేదు. వెళ్ళేటప్పుడు సరుకు లేదు, వచ్చేటప్పుడూ సరుకు లేదు. మధ్యలో అరిగేది బూటు, కారేది చెమట. ఇందులో లాభం ఎక్కడో ఉండి తీరాలి. కనపడటం లేదంటే ఎవరో దాస్తున్నారన్నమాట.

దాస్తున్నవాడు చిన్నల్లుడు. వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు, ఒకే చెప్పుల కొట్టులో సమాన భాగస్థులు. కొట్టు మామగారిది. ఆయన పోయి చాలా కాలమైనా బజారు వాళ్ళిద్దరినీ ఇంకా పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలుస్తుంది. మామగారు మహా గట్టి మనిషి. పోయేముందు షట్టరుకి రెండు తాళాలు వేయించి ఇద్దరికీ చెరొక తాళంచెవి ఇచ్చాడు. ఇద్దరూ వస్తే తప్ప షట్టరు లేవదు. "మీ ఇద్దర్నీ సమానంగా నమ్ముతున్నాను" అన్నాడు. ఆ నమ్మకం ఏపాటిదో ఇద్దరికీ అప్పుడే అర్థమైంది.

అయినా ఇన్నేళ్ళూ కొట్టు సాఫీగానే నడిచింది. చిన్నల్లుడు ఈ పరుగుల జట్టులో చేరాకే చిక్కొచ్చి పడింది. మామూలు రోజుల్లో ఫరవాలేదు, తల తుడుచుకుంటూ వేళకే వచ్చేస్తాడు. ఆదివారం వస్తేనే గొడవ. జట్టంతా బస్సెక్కి దగ్గర్లో ఏ ఆనకట్టకో, సముద్రం ఒడ్డున పాత దీపస్తంభానికో వెళ్ళి, అక్కడ కాసేపు పరుగెత్తి, కట్టుకెళ్ళిన రొట్టెలు తిని, పొద్దువాలేటప్పటికి తిరిగొస్తారు. చిన్నల్లుడు వెళ్ళాడంటే కొట్టు మూతే. ఆదివారమంటే ఇంటిల్లిపాదీ పిల్లల్ని వెంటేసుకుని బూట్ల కోసం వచ్చే రోజు. అలాంటి రోజున మూసిన షట్టరు ముందు ఒక తాళంచెవి పట్టుకుని నిలబడితే, పోయే బేరాలన్నీ పెద్దల్లుడి కళ్ళముందే ఎదురు కొట్లోకి నడిచి వెళ్ళేవి.

"నా చెవి కూడా నీ దగ్గరే ఉంచుకో అన్నయ్యా. ఆదివారాలు నువ్వు తెరుచుకో" అన్నాడు చిన్నల్లుడు ఒకరోజు, తాళంచెవి తీసి బల్లమీద పెట్టి.

పెద్దల్లుడు దాన్ని ముట్టుకోలేదు. సగం కొట్టు తాళాన్ని చల్లగా చేతిలో పెట్టేస్తున్నాడంటే, వీడికి కొట్టుతో పని తీరిపోయినట్టేగా?

"మామగారి మాట. నీది నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

ఆ వారంలోనే చిన్నల్లుడు కొత్త బూట్లతో వచ్చాడు. పెద్దల్లుడు మనిషి మొహం కంటే ముందు కాళ్ళు చూసే రకం. చూడగానే పోల్చేశాడు. అవి తమ కొట్టువి కావు, ఎదురు కొట్టువి.

"ఏవోయ్, మన దగ్గర బూట్లే కరువయ్యాయా?"

"మనవి పరుగెత్తేవాళ్ళలా కనిపించడానికి అన్నయ్యా. పరుగెత్తడానికి కాదు. మొదటివారం మనవే తొడుక్కున్నాను, మడమలు పుండ్లు పడ్డాయి."

"ఇన్నేళ్ళు జనం తొడుక్కోలేదూ?"

"తొడుక్కుని కాఫీ తాగడానికి వెళ్ళారు."

ఎదురు కొట్టాయన ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు కాబట్టి బజారులో ఆయన్ని నవ్వులాయన అంటారు. ఆయన కూడా ఆ పరుగుల జట్టులోనే ఉన్నాడని పెద్దల్లుడికి తరవాత తెలిసింది. అప్పట్నుంచి అనుమానం పురుగులా తొలిచేసింది. చిన్నల్లుడు బూట్లు గడపలో విప్పి గోడౌనులోకి వెళ్ళగానే వాటిని తీసి సోలు తిప్పి చూశాడు. గాడుల నిండా ఎర్రటి ఇటుక పొడి. పార్కులో ఉండేది నల్లమట్టి. ఊరి మొత్తంమీద ఇటుక పొడి పరుచుకుని ఉన్నది ఒక్కచోటే, బస్సు డిపో పక్కన కొత్త దుకాణాలు కడుతున్న చోట.

ఇంట్లో భార్యతో అన్నాడు, "మీ చెల్లెలి మొగుడు ఏదో చేస్తున్నాడు."

"పరుగెత్తుతున్నాడు. మీరూ వెళ్ళకూడదూ? నాలుగు మెట్లెక్కితే కొలిమి తిత్తిలా రొప్పుతారు. మరిదిగారికి గురక కూడా తగ్గిందట, మా చెల్లి చెప్పింది."

"గురక తగ్గిందంటే నిద్ర పట్టట్లేదన్నమాట. మనసులో ఏదో పెట్టుకున్నాడు."

ఆవిడ అతని వంక జాలిగా చూసి దీపం ఆర్పేసింది.

చేతులు ముడుచుకుని కొట్లో కూర్చుంటే లాభం లేదని పెద్దల్లుడు తనే జట్టులో చేరాడు. బూట్లు కావాలి. ఎదురు కొట్టు గడప తొక్కేది లేదు, అమ్ముడుపోయే జత తీయడానికి చెయ్యి రాదు. చెప్పుల కొట్టు షోకేసులో ఎప్పుడూ ఒంటి కాలి బూటే పెడతారు. రెండోది లోపల పెట్టెలో ఉంటుంది, జతగా పెడితే ఎవడైనా ఎత్తుకుపోతాడని. అలా ఏళ్ళ తరబడి ఎండ మొహాన నిలబడి ఎవరికీ నచ్చని జత ఒకటుంది. ఎడమది వెలిసిపోయింది, కుడిది పెట్టెలో పెళ్ళికొడుకులా ఉంది. ఎడమదానికి కాస్త రంగు పూసి తొడుక్కున్నాడు. ఖర్చు లేని జత. ఆ లెక్క అతనికి చాలా నచ్చింది.

జట్టుని నడిపించేది ఆసుపత్రి నర్సమ్మ. మెడలో ఈల, మాటలో ఇంజెక్షను.

"కొత్తవాళ్ళు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కవాళ్ళతో కబుర్లు చెప్తూ పరుగెత్తాలి. మాట రాలేదంటే పరుగు ఎక్కువైనట్టు. ఏం పెద్దాయనా, వినపడిందా?"

పెద్దల్లుడు వచ్చింది మాట్లాడటానికి కాదు, వినడానికి. పక్కన చిన్నల్లుణ్ణి పెట్టుకుని మొదటి నిమిషం పరుగెత్తేసరికి గుండె గొంతులోకొచ్చింది. ప్రపంచంలో నిమిషం అంత పొడుగు ఉంటుందని అతనికి అంతవరకూ తెలీదు.

"మాట్లాడు అన్నయ్యా, నర్సమ్మ చూస్తోంది."

"ఏం... మాట్లాడను..."

"ఏదో ఒకటి. కొట్టు సంగతి చెప్పు."

కొట్టు సంగతి వీడికెందుకు కావాలి? పెద్దల్లుడు నోరు మూసుకుని పరుగెత్తాడు. నర్సమ్మ ఈల వేసి అతన్ని నడిపించింది. తరవాతి నిమిషం కూడా అంతే. జట్టు మొత్తంలో నోరు విప్పనందుకు నడక శిక్ష పడింది అతనొక్కడికే.

అయినా మానలేదు. కాపలా కాయాలి కదా. కానీ కొన్నాళ్ళకి అతను కోరుకోనివి ఏవేవో జరగసాగాయి. నిమిషం పొట్టిదైపోయింది. బజారు తెరవకముందు ఎలా ఉంటుందో చూడటం బాగుంది. అన్ని షట్టర్లూ దించి, తడి ఆరని రోడ్డు మీద ఎవరి సరుకూ ఎవరినీ పిలవకుండా, నిశ్శబ్దంగా. ఇంటికొచ్చాక వేసే ఆకలి చిన్నప్పటి ఆకలి. ఇదంతా భార్యకి చెప్పలేదు. చెప్తే ఆవిడ గెలిచినట్టవుతుంది.

ఒక ఆదివారం జట్టు గుట్ట మీది పాత రాతిగనికి బయల్దేరింది. గనిలో నీళ్ళు నిండి చెరువైందట, చూసి తీరాలట. కొట్టు ఎలాగూ తెరుచుకోదు గనక పెద్దల్లుడూ బస్సెక్కాడు. ముందు సీట్లో చిన్నల్లుడు, అతని పక్కన నవ్వులాయన. వెనక సీట్లో పెద్దల్లుడు నిద్ర నటిస్తూ చెవులు రిక్కించాడు.

"డిపో దగ్గర నా రెండో కొట్టు తయారైపోయిందయ్యా, నడిపేవాడే కావాలి" అంటున్నాడు నవ్వులాయన. "నువ్వు రెండుసార్లు చూశావు కూడా. ఇంకా ఎన్నాళ్ళు నానుస్తావు?"

"ఇవాళ చెప్తానన్నాగా."

"పైన చెరువు దగ్గర తేల్చెయ్యాలి. నువ్వు కాదంటే రేపు ఇంకొకణ్ణి చూసుకుంటాను."

పెద్దల్లుడి కళ్ళు మూసే ఉన్నాయి గానీ లోపల అన్నీ తెరుచుకున్నాయి. తన అనుమానం నిజమైంది. ఇన్నాళ్ళూ దానికోసమే కాపలా కాశాడు గదా, సంతోషం కలగాలి. కలగలేదు. చిన్నల్లుడు లేని కొట్టు కళ్ళముందు కదిలింది. ఏడ్చే పిల్లకి చెప్పు తొడగడం చిన్నల్లుడికే చేతనవును. పెద్దల్లుడికి ధర చెప్పడం వచ్చు, మోకాళ్ళ మీద కూర్చోవడం రాదు.

గుట్ట ఎక్కడం మొదలైంది. నర్సమ్మ ముందు, నవ్వులాయన ఆమె వెనకే. పెద్దల్లుడు సగం దారికొచ్చేసరికి ఎడమ కాలికింద టపటపమని చప్పుడు. చూస్తే సోలు. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడ్డ జిగురు పొట్టులా రాలిపోయి, వేళ్ళ నుంచి మడమ దాకా సోలు ఊడిపోయింది. చెప్పుల కొట్టువాడి కాలికే చెప్పు లేకుండా పోయింది.

చిన్నల్లుడు వెనక్కొచ్చి చూసి ముందు నవ్వాపుకోవాలని ప్రయత్నించాడు. తరవాత మానేశాడు.

"షోకేసుదా అన్నయ్యా? నేను చెప్తూనే ఉంటాగా, ఎండలో పెట్టినవి చచ్చిన సరుకని."

"నవ్వు. నవ్వి వెళ్ళు. నీ కొత్త సేటు పైన ఎదురుచూస్తున్నాడు."

చిన్నల్లుడి నవ్వు ఆగింది. చిన్నల్లుడు కింద కూర్చుని, తన బూటు లేసు ఒకటి లాగి, సోలుని పాదానికి చుట్టి గట్టిగా ముడేశాడు.

"బస్సులో విన్నావా?"

"ముందే తెలుసు. నీ బూట్ల కింద ఇటుక పొడి చూశాను."

"నా బూటు తిప్పి చూశావు గానీ, నన్ను అడగాలని తోచలేదా?"

"అడిగితే చెప్తావా?"

"చెప్పేవాణ్ణి. పొద్దున్నే పక్కనే పరుగెత్తాను కదా, నోరు విప్పావా నువ్వు? నేను ఇంటికెళ్ళాక అరలన్నీ మళ్ళీ తడిమి చూసుకుంటావు. చెవి ఇస్తే పాముని చూసినట్టు చూశావు. నవ్వులాయన నవ్వేది పైపైనే, నాకూ తెలుసు. కానీ ఆయన కొట్లో ఏ బూటు తెప్పించాలో నన్ను అడుగుతానన్నాడు. ఆదివారం సెలవన్నాడు."

పెద్దల్లుడు లేచాడు. లేసు కట్టిన కాలు మీద బరువు వేసి చూశాడు. ఆగింది. పైకి నడవడం మొదలెట్టాడు, చిన్నల్లుడు పక్కన.

"ఆదివారం మధ్యాహ్నం దాకా మూద్దాం" అన్నాడు పెద్దల్లుడు.

"మధ్యాహ్నానికి ఎవరొస్తారు అన్నయ్యా ఈ గుట్ట దిగి? రోజంతా."

"రోజంతా మూస్తే జనం ఎదురు కొట్టుకి అలవాటు పడతారు. నెలకి రెండు ఆదివారాలు."

"మూడు. నాలుగోది ఇద్దరం తెరుద్దాం."

"మూడా! కొట్టు నడపాలా, సన్యాసం పుచ్చుకోవాలా?"

"పరుగు బూట్లకి ఒక గోడ నాకు వదిలెయ్. ఏం తెప్పించాలో నేనే చూసుకుంటాను. నువ్వు వేలు పెట్టకూడదు."

"ఏ గోడ?"

"గల్లా ఎదురుగా ఉన్నది."

"అది మంచి గోడ!"

"అందుకే అడిగాను."

చెట్ల మధ్య నుంచి పైన జట్టువాళ్ళ మాటలు వినపడుతున్నాయి. దారి ఇంకా కొంచెమే మిగిలింది. పెద్దల్లుడు జీవితంలో చాలా బేరాలు చేశాడు గానీ, అవతలివాడు మెట్టు మెట్టుకీ ఇంకొకడి కొట్టుకి దగ్గరవుతుంటే ఎప్పుడూ చెయ్యలేదు.

"కిటికీ పక్క గోడ తీసుకో" అన్నాడు.

"ఎండ పడుతుంది. జిగురు ఊడుతుంది."

పెద్దల్లుడు కిందికి చూసుకున్నాడు. ఆ మాటకి సాక్ష్యం అతని కాలికే కట్టి ఉంది.

"సరే, గల్లా గోడే. ఆదివారాలు రెండు."

"మూడు."

పైకి చేరారు. నవ్వులాయన రాతిమీద కూర్చుని రొట్టె పొట్లం విప్పుతున్నాడు. ఇద్దర్నీ, పెద్దల్లుడి కాలికున్న లేసునీ చూసి నవ్వాడు.

"ఏమయ్యా, తేల్చావా?"

చిన్నల్లుడు ఊపిరి తీసుకున్నాడు. పెద్దల్లుడు ఎటో చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"మా అన్నయ్యతో బేరంలో ఉన్నానండి. ఇంకా ఒక్క ఆదివారం దగ్గర ఆగింది. మీరు ఇంకొకర్ని చూసుకోండి."

నవ్వులాయన నవ్వు చెక్కు చెదరలేదు. కానీ రొట్టె పొట్లం మళ్ళీ మూసి, కాస్త అవతలగా ఉన్న రాయి మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

తోడల్లుళ్ళిద్దరూ గని అంచున కూర్చున్నారు. పెద్దల్లుడికి ప్రాణం కుదుటపడింది. పడిన మరుక్షణమే ఇంకో లెక్క మొదలైంది. గల్లా గోడ పోయింది. రెండు ఆదివారాలు ఖాయంగా పోయాయి, మూడోది పోయేలా ఉంది. వీడు నిజంగానే వెళ్దామనుకున్నాడా? లేక నవ్వులాయన్ని పైన కూర్చోబెట్టి, తనని గుట్ట ఎక్కించి, దారి పొడుగునా పిండాడా? నిజమైతే చిన్నల్లుడు మామూలు ఘటం కాదు. ఇలాంటి భాగస్థుణ్ణి ఎదురు కొట్టుకి వదిలేసి ఉంటే తనంత వెర్రివాడు ఇంకొకడుండడు.

"నిజం చెప్పు" అన్నాడు. "ఆయన దగ్గరికి వెళ్ళిపోయేవాడివేనా?"

చిన్నల్లుడు రొట్టె తుంచి సగం అతని చేతిలో పెట్టాడు. నోటినిండా నములుతూ గడ్డంతో కిందికి చూపించాడు.

"ముందు నీళ్ళు చూడు అన్నయ్యా. ఇంత దూరం వచ్చింది అందుకేగా."

వచ్చింది అందుక్కాదు. అయినా పెద్దల్లుడు చూశాడు. నిటారుగా కోసిన రాతిగోడల మధ్య నీళ్ళు ముదురాకుపచ్చగా కదలకుండా ఉన్నాయి. గాలి వచ్చినప్పుడు మాత్రం ఒక మూల నుంచి సన్నటి ముడతలు బయల్దేరి, అవతలి గోడదాకా వెళ్ళి ఆగిపోతున్నాయి.