చెరువు ఆనవాలు తెలిసిన జీపు

ప్రతి ఆదివారం పొద్దున్నే యతిరాజులు రెండు బండ్లు కడిగేవాడు. ఒకటి నలభై ఏళ్ల నాటి తన జీపు. రెండోది కొడుకు గిరి కొన్న కొత్త ఎస్‌యూవీ. పట్నంలోని వ్యాసర్పాడిలో యతిరాజులుకు మెకానిక్ షెడ్డు ఉండేది.

"నీ జీపు మొహం రేకు డబ్బా మాదిరి ఉండాది నైనా. దీని లైట్లు చూడు, పులి కండ్లు!" అనేవాడు గిరి. "బురదకొక బటను, ఇసక్కొక బటను, నీళ్లకొక బటను. నొక్కితే సరి."

"నాకీ ఫోర్‌వీల్ కడ్డీ ఒకటే అప్పా. రెండు చేతులా లాగాల," అని తండ్రి నవ్వేవాడు.

ఆయన భార్య మునెమ్మ మాత్రం కొత్త బండి పక్షమే. తలుపు తీస్తే మెట్టు దానంతటదే కిందికి దిగేది. మోకాళ్ల నొప్పుల మనిషికి అంతకంటే ఏం కావాలి? జీపెక్కితే నడుం పట్టేసేది.

జీపుకు ఇంకో గుణముంది. ఒకప్పుడు చెరువున్న నేల మీద నిలిపితే, మే నెల ఎండలోనైనా సరే, దాని లోపల నీళ్లూరేవి. స్థలాలు కొనేవాళ్లు ముందుగా యతిరాజులును పిలుచుకుపోయేవాళ్లు. ఆయన పాదాలు తడిస్తే బేరం మానుకుని, కాఫీ తాగించి పంపేవాళ్లు.

గిరి మాధవరం అవతల ఇల్లు చూసినప్పుడూ ఆయన జీపులోనే వెళ్లాడు. బ్రేకు వేసేలోగా నీళ్లు మోకాళ్లకొచ్చాయి. తామర తూడొకటి కాలికి చుట్టుకుంది. ఎదురుగా మేడ మీద మునెమ్మ, ఒంటి గదిలో ముప్పై ఏళ్లు వండిన మనిషి, చేతులు చాపి గాలి ఎట్లా వస్తోందో చూసుకుంటోంది. "ఈడ మల్లె తీగ పెడదాం రా గిరీ!" అంటోంది.

యతిరాజులు జీపును వీధి చివరికి తీసుకుపోయాడు. నీళ్లు పారబోసి, ప్యాంటు పిండుకుని వచ్చాడు.

"ఏమన్నా వచ్చిందా నైనా?"

"ఏం రాలా. బాగుండాది, కొనుక్కో."

రెండో ఏడు డిసెంబరు తుపానులో, ఒక మధ్యాహ్నం మునెమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. గిరి ఆమెను కొత్త బండిలో పడుకోబెట్టి నీళ్ల బటను నొక్కాడు. వీధి మలుపు దాకా బండి బాగానే పోయింది. అక్కడ ఇంజను నీళ్లు మింగి ఆగిపోయింది. తెర మీద ఎర్ర గుర్తులు వెలిగి, అవీ ఆరిపోయాయి. షెడ్డులో ఉన్న యతిరాజులుకు గిరి ఫోన్ చేశాడు. బానెట్ మీదికి నీళ్లెక్కుతున్నా జీపు ఎక్కడా ఆగలేదు. కానీ దారి గంటన్నర పట్టింది. ఆయన చేరి చెయ్యి పట్టుకునేసరికి మునెమ్మ చల్లబడి ఉంది.

మూడు నెలల తర్వాత గిరి ఇల్లు అమ్మకానికి పెట్టాడు. శివరామ్, చాందిని అనే మొగుడూ పెళ్లాలు చూడటానికొచ్చారు. చాందిని నిండు చూలాలు. మేడ మీద ఉయ్యాల ఎక్కడ కట్టాలో మొగుడికి చూపిస్తోంది.

వాళ్లు కిందికి దిగేసరికి యతిరాజులు జీపు తెచ్చి గేటు ముందు నిలిపి ఉంచాడు. తలుపు తీశాడు. చేపపిల్లలతో సహా నీళ్లు భళ్లున దొర్లి చాందిని పాదాలు తడిపాయి. ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది. జీపు సంగతి ముందే విన్న ఆ ఇద్దరూ ఆయనకు దండం పెట్టి వెళ్లిపోయారు.

గిరి కోపంగా గేటు దాకా వచ్చి, తడిసిన నేల చూసి ఆగిపోయాడు.

"మనం కొన్నప్పుడూ వచ్చినాయా నైనా?"

యతిరాజులు తలూపాడు.

"ఎంత దాకా?"

తండ్రి వంగి, మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాడు. వంగిన మనిషి మళ్లీ లేవలేకపోయాడు. గిరి ఇంటి వైపు నాలుగడుగులు వేశాడు. తర్వాత తిరిగొచ్చి, చంకల కింద చేతులు వేసి ఆయన్ను లేపాడు.