చిల్లుబిళ్ళ

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కాఫీ మిషను. తల్లి మీట నొక్కగానే గుర్రుమంటూ వేడెక్కేది. ఆలోపు ఆవిడ గింజలు మరపట్టి, పొడిని పిడి ఉన్న జల్లిగిన్నెలో పోసి, ఇనప దిమ్మెతో గట్టిగా అణిచి, మిషనుకి బిగించేది. కప్పు నిండాక గిన్నెని చెత్తడబ్బా అంచుకేసి ఠప్పున కొడితే పిప్పి బిళ్ళలా ఊడి పడేది. వెంటనే దాన్ని బొటనవేలితో చిదిపేసేది. చూడకుండా.

చూడకపోవడం మర్యాద. పొడి అణిచేటప్పుడు మనిషి ఏ మాట మింగితే బిళ్ళలో ఆ మాటంత చిల్లు పడుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. అందుకే నలుగురిలో పెరిగినవాళ్ళు ఎవరి బిళ్ళ వాళ్ళు చిదుపుకుంటారు. ఇంకొకరిది కంటబడితే, తడిబట్టలతో మనిషి ఎదురైనట్టు తల తిప్పుకుంటారు.

"మర్యాదట, మర్యాద!" అనేది పై వాటా పిన్ని. మొగుడి బిళ్ళలు వినడమే ఆవిడకి కాలక్షేపం. "మా ఆయన నాతో నోరు తెరిచి ఎన్నాళ్ళయిందో. బిళ్ళ పుణ్యమా అని కాపురం నడుస్తోంది. నిన్న ఏమన్నాడో తెలుసా? ఉప్పెక్కువ. అంతే. పోనీలే, అదైనా అన్నాడు."

"నేను వినను పిన్నీ."

"వినకపోతే చెవులెందుకే నీకు? పోగులు తగిలించుకోవడానికా?"

తల్లి నవ్వి ఊరుకునేది. కళ్ళద్దాల దుకాణంలో పని ఆవిడది. రోజంతా ఎదుటివాళ్ళ కళ్ళలోకే చూస్తూ ఏమీ చూడనట్టు ఉండటం అలవాటైపోయింది.

కూతురు పోయినవారం వచ్చింది, పెద్ద సూట్‌కేసుతో. "ఊరికే వచ్చానమ్మా" అంది. తల్లి ఇంకేం అడగలేదు. పెళ్ళయిన పిల్లని గుచ్చి గుచ్చి అడిగితే ఏం బాగుంటుంది? వంటింట్లోకి కూడా రానివ్వకుండా, కూర్చోబెట్టి అన్నీ చేసిపెట్టింది.

"ఇంకో నాలుగు రోజులుండనా?" అని కూతురు అడిగితే, "నీ ఇష్టం తల్లీ" అంది.

"ఆయన వచ్చి తీసుకెళ్తానంటున్నాడు. వెళ్ళనా?"

"నీ ఇష్టం."

ప్రేమగానే అంది, బలవంతపెట్టకూడదని. కానీ ఆ మాట పాడుది. అనేవాళ్ళ నోట్లో తలుపు తెరిచినట్టుంటుంది, వినేవాళ్ళ చెవిలో మూసినట్టుంటుంది.

ఆదివారం అల్లుడు వచ్చాడు. కలుపుగోలు మనిషి. వీధిలో అందరికీ ఇష్టుడు. వస్తూ తన కాఫీ గింజలు తనే తెచ్చుకున్నాడు. కూతురు లేచి వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చింది. ఒక్క గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశాడు.

"చూశారా అత్తయ్యగారూ? పులుపు. ఆరేళ్ళయింది నేను నేర్పడం మొదలుపెట్టి."

"ఇంకోటి చేస్తాను" అంది కూతురు.

"చేసి ఏం లాభం? రండి అత్తయ్యగారూ, మీకు చూపిస్తాను. కాఫీ ఎలా ఉందో నాలుక చెప్పక్కర్లేదు, బిళ్ళ చెప్తుంది."

ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళారు. అతను చొక్కా చేతులు మడిచాడు.

"బిళ్ళ జావలా ఉంటే పొడి తక్కువైనట్టు. గిన్నెలోంచి ఊడి రాకపోతే ఎక్కువైనట్టు. చిల్లులు పడితే అణచడం చేతకానట్టు. నీళ్ళంత బద్ధకస్తులు లేరండీ. సందు దొరికితే అందులోంచే జారుకుంటాయి. మిగతా పొడిని తాకను కూడా తాకవు. మాట మింగితే చిల్లు పడిందంటారు చూడండి, అదంతా సాకు. మనసులో ఏమీ పెట్టుకోకపోతే సరి. నేను లేనూ?"

"మా అమ్మాయివి మీరెప్పుడైనా విన్నారా?" అంది తల్లి. అడిగాక తనకే ఆశ్చర్యమేసింది.

"ఏముంటుందండీ, వినడానికి?"

మాట్లాడుతూనే కాఫీ తీశాడు. బిళ్ళని పళ్ళెంలో కొట్టి ఆవిడ ముందు పెట్టాడు. పొడిగా, నున్నగా, కొత్త సబ్బుబిళ్ళలా ఉంది. సూదిమొనంత చిల్లు లేదు.

తల్లి దాన్ని చాలాసేపు చూసింది. ఈ మనిషి ఒక్క మాట కూడా మింగలేదు. ఒక్కటంటే ఒక్కటి. నోటికొచ్చిందల్లా అనేశాడు. ఎవర్ని అన్నాడో ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది.

కూతురు గబగబా చెత్తడబ్బాలోకి చెయ్యి పెట్టింది, తన బిళ్ళ చిదపడానికి. తల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వద్దు. తప్పు."

"తప్పే. ఉండు."

బిళ్ళ కాదది, జల్లెడ. చేతిలోకి తీసుకుంటేనే విడిపోయేలా ఉంది. తల్లి దాన్ని చెవికి ఆనించుకుంది. చిన్న చిల్లుల్లోంచి చాలు, చాలు, చాలు అని, చీమలబారులా. మధ్యలో ఒకటి పెద్దది. అందులోంచి కూతురి గొంతు, జ్వరమొచ్చిన పిల్ల ఊపిరిలా, వేడిగా తగిలింది.

ఉండిపొమ్మను అమ్మా. ఒక్కసారి నువ్వను.

బిళ్ళ చేతిలోనే విరిగిపోయింది.

"ఏంటి, నా మీద చాడీలా?" అని నవ్వాడు అల్లుడు.

"మీ ఊసే లేదు బాబూ" అంది తల్లి. నిజమే చెప్పింది.

అతను హాల్లోకి వెళ్ళి సూట్‌కేసు అందుకున్నాడు. "పద, ఎండెక్కుతుంది." కూతురు ఒక కాలికి చెప్పు తొడిగింది.

"అది రాదు" అంది తల్లి. కూతురి వైపు తిరిగింది. "నువ్వెళ్ళట్లేదు. ఇక్కడే ఉండిపో. నీ ఇష్టం కాదు, నా ఇష్టం."

కూతురు రెండో చెప్పు తొడగలేదు.

తల్లి సూట్‌కేసు పిడి పట్టుకుంది. అతను వదల్లేదు. "ఇదేం మర్యాద అత్తయ్యగారూ?" అన్నాడు మొదట, మెత్తగానే. తర్వాత అన్నీ అన్నాడు. కూతుర్ని అన్నాడు, తల్లిని అన్నాడు, పెంపకాన్ని అన్నాడు, ఏమీ మిగుల్చుకోలేదు. పై వాటా కిటికీ తెరుచుకుంది. తల్లి పిడి వదల్లేదు. చివరికి విసుగెత్తి అతనే వదిలేశాడు. అతని కారు వీధి మలుపు తిరిగింది.

తల్లి తలుపేసి వచ్చింది. కూతురు అలాగే ఒంటి చెప్పుతో కూర్చుని ఉంది. ఏడవలేదు.

"పెళ్ళి కుదిరిన నెలలో పొద్దున కాఫీ నేనే పెట్టేదాన్ని. గుర్తుందా అమ్మా?"

"గుర్తుంది."

"నా బిళ్ళ నేను చిదిపేదాన్ని కాదు. నీకు కనబడేలా పైనే వదిలేసేదాన్ని, రోజూ. నువ్వొచ్చి చిదిపేసేదానివి."

తల్లి తన బొటనవేలి వంక చూసుకుంది. అదీ గుర్తుంది. ఆ బిళ్ళలు వేలికి ఇంకా వెచ్చగానే తగిలేవి.