బాజాలేని ఎదుర్కోలు

యాదవ్వ సర్పంచ్ అయిన మరుసటి ఏడు ఆమె బిడ్డ బాలలక్ష్మికి పెండ్లి కుదిరింది. ఆ మాట విని ఊళ్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డవాడు వార్డు మెంబరు మల్లన్న. సంబంధం మంచిదని కాదు, ముహూర్తం శ్రావణంలో పడిందని.

లక్సెట్టిపేట రోడ్డు మీదినుంచి ఊళ్లోకి వచ్చే బాటకు రెండు పక్కలా పెద్ద చింతచెట్లున్నాయి. వానలు మొదలవగానే వాటి నిండా కొంగలు దిగి గూళ్లు కడతాయి. పొలాల్లో నత్తలను ఏరుకుని తింటాయి గనుక ఊరివాళ్లు వాటిని నత్తకొంగలంటారు. ఎన్నేండ్ల నుంచో వస్తున్నాయి, పోతున్నాయి, ఎవరూ పట్టించుకున్నది లేదు. యాదవ్వ సర్పంచ్ కాకముందు ఒక పెండ్లిలో ఎవరో ఆ చెట్ల కింద లడీ, అదే పటాకుల దండ, కాల్చారు. కొంగలన్నీ ఒక్క పెట్టున లేచాయి. తెల్లవారి నాట్లకు పోతున్న యాదవ్వకు చెట్ల కింద నేలంతా చచ్చిపడ్డ కొంగపిల్లలు కనిపించాయి, ఈకలు కూడా సరిగ్గా రాని పిల్లలు. వాటిని ఊడ్చి గంపకెత్తింది ఆమే.

అందుకే కుర్చీ ఎక్కగానే మొట్టమొదట ఆ తీర్మానమే చేయించింది. వానలు పడ్డప్పటి నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా చింతల దగ్గర బాజా మోగొద్దు, పటాకు పేలొద్దు, కొమ్మ నరకొద్దు. మెంబర్లు నవ్వుకుంటూనే చేతులెత్తారు. కొత్త సర్పంచ్, పైగా ఆడమనిషి, నాలుగు రోజులు పోతే తనే మరిచిపోతుందని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పిందని మొదట తెలిసొచ్చింది మల్లన్నకే. పోయిన శ్రావణంలో అతని కొడుకు బరాత్‌ను యాదవ్వ చింతల ముందర ఆపి, కాలువగట్టు మీదుగా చుట్టు తిప్పి పంపింది. గట్టు మీది బురదలో జీపు దిగబడింది. పెండ్లికొడుకు పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగగట్టి జీపు నెట్టాల్సి వచ్చింది. ఆ కడుపుమంట మల్లన్నకు ఇంకా చల్లారలేదు.

"వదినె, మరి మీ ఎదుర్కోలు ఏడ పెడుతున్నరు?" అని పంచాయతీ ఆఫీసులో అందరి ముందర అమాయకంగా అడిగాడు. "కాలువగట్టు సూస్తే మొన్నటి వానకు తెగింది. చింతల బాట తప్ప ఇంకో తొవ్వ లేకపాయె."

మెంబర్లు మీసాల చాటున నవ్వుకున్నారు. ఎదుర్కోలంటే మగపెండ్లివారిని ఊరి మొదట్లో బాజాలతో కలుసుకుని, బొట్టు పెట్టి, షర్బతు తాపి తోడుకుని రావడం. బాజా లేకుండా ఎదుర్కోలు చేసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. యాదవ్వ లేచి ఇంటిదారి పట్టింది.

ఇంట్లో భర్త హనుమండ్లు మెల్లగా నచ్చజెప్పబోయాడు. "ఒక్క పూట కండ్లు మూసుకో. సర్పంచును ఎవడడుగుతడు?"

"ఎవ్వరు అడగకున్నా నన్ను నేనే అడుగుకుంట," అంది యాదవ్వ.

లోపలి నుంచి బాలలక్ష్మి విసురుగా వచ్చింది. ఏడ్చి ఏడ్చి పిల్ల ముఖం ఉబ్బిపోయింది. "సావుకు గూడ డప్పు కొడుతరు గదనె అవ్వా! నా పెండ్లికి గది గూడ లేదా?"

ఆ మాట యాదవ్వకు గుండెలో దిగింది. పిల్ల చెప్పిందాంట్లో అబద్ధమేముంది? అత్తగారింట్లో రేపు ఎవరో ఒకరు అననే అంటారు, చప్పుడు లేకుండా వచ్చిన కోడలని. బతికినన్నాళ్లూ ఆ మాట పిల్లే పడాలి. దానికితోడు నస్పూర్ నుంచి వియ్యంకుడు సాంబయ్య కబురు పంపాడు, బ్యాండు మోగకుంటే లారీ దిగేది లేదని. బొగ్గుబాయిలో పనిచేసే సాంబయ్య మాట మీద నిలబడే మనిషి, అక్కడే వచ్చింది చిక్కు.

ముహూర్తం రోజు లారీ వచ్చి చింతలకు ముందే ఆగింది. బ్యాండువాళ్లు దూకి డ్రమ్ములు మెడకు తగిలించుకున్నారు. దుబాయి నుంచి తమ్ముడు పంపిన కొత్త రుమాల నెత్తికి చుట్టుకుని, పటాకుల సంచి చంకన పెట్టుకుని సాంబయ్య ముందు సీటులో గట్టిగా కూర్చున్నాడు. ఊరు ఊరంతా వచ్చింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మల్లన్న అందరికంటే ముందు నిలబడ్డాడు, తమాషా బాగా కనబడాలి కదా.

యాదవ్వ లారీ దగ్గరికి పోయి రెండు చేతులు జోడించింది.

"అన్నా, నీకు దండం పెడుత. జర గా చెట్లు దాటేదాక బాజా ఆపియ్యి. దాటినంక నీ ఇష్టమున్నంత సేపు కొట్టిచ్చుకో. పటాకులు మాత్రం వద్దు, వాటి చప్పుడు ఇంటికాడ పేల్చినా గీడికొస్తది. ఊరోళ్ల బిడ్డలకు వద్దని, నా బిడ్డకు కావాలంటే నేనేం సర్పంచునే?"

"గిదేం మర్యాద చెల్లె?" అన్నాడు సాంబయ్య ముఖం ముడుచుకుని. "మా సుట్టాల ముందర నా తల ఎట్లుండాలె?"

యాదవ్వ జోడించిన చేతులు దించలేదు. కండ్లలో నీళ్లు తిరిగాయి. తమాషా చూడవచ్చిన మల్లన్నకు ఎందుకో ఆ చేతులు చూడబుద్ధి కాలేదు. ముందుకు పోయి, పెద్ద డ్రమ్ము మీద తన భుజాన ఉన్న కండువా పరిచేశాడు.

"పోయినేడు నా కొడుకు బరాత్‌ను గూడ గీడనే ఆపింది బావా," అన్నాడు సాంబయ్యతో. "మావోడు బురదల జీపు నూకిండు. ఇన్ని దినాలు నాకు మస్తు కోపముండె. ఇయ్యాల సొంత బిడ్డకు గూడ గదే మాటంటుంది. ఇగ నేనేమనాలె? దిగు."

సాంబయ్య పటాకుల సంచి మూతి బిగించి ముడేశాడు. తర్వాత దిగాడు.

వందమంది మనుషులు చెప్పుల చప్పుడు కూడా కాకుండా చింతల కింద నడిచారు. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి పైనుంచి తెల్లగా, వెచ్చగా ఒక ముద్ద సాంబయ్య దుబాయి రుమాల మీద పడి చెవి దాకా జారింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మల్లన్న మొహం చెట్టు వైపు తిప్పేసుకున్నాడు. యాదవ్వకు పై ప్రాణాలు పైనే పోయాయి.

సాంబయ్య అరవడానికి నోరు తెరిచి పైకి చూశాడు. గూటిలోంచి మూడు పిల్లలు మెడలు చాచి, ఆయన కంటే పెద్దగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తల్లి వాటి నోట్లో నత్త పెడుతోంది. పక్క కొమ్మ మీద ఇంకో కొంగ టకటకమని ముక్కు కొట్టింది. సాంబయ్య నోరు మూసుకున్నాడు. యాదవ్వ వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"చెల్లె, గీ పని జేసింది పెద్దదా, పిల్లనా?"

"పిల్లే అన్నా."

"అయితే పోనీయి."

చింతలు దాటి డ్రమ్ము మీది కండువా తీశారో లేదో, అంతసేపు బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి బయటపడింది. బ్యాండు చప్పుడు కంటే అదే పెద్దగా వినిపించింది. పెండ్లంతా ఆ రుమాల ముచ్చటే. పటాకుల సంచిని మాత్రం సాంబయ్య ముడి విప్పకుండా వెంట తీసుకుపోయాడు.

దసరా ముందర సద్దుల బతుకమ్మకు బాలలక్ష్మిని ఆయనే పుట్టింటికి తోడుకొచ్చాడు. బస్సు దిగి చింతల దగ్గరికి వచ్చేసరికి అలవాటైన మనిషిలా గొంతు తగ్గించి, "ఉన్నయా, పోయినయా?" అని ఎదురొచ్చిన యాదవ్వను, మల్లన్నను అడిగాడు.

మల్లన్న చెట్టు చెట్టుకూ తిరిగి, తల ఎత్తి చూసివచ్చాడు. "ఒక్కటి లేదు బావా. పిల్లలతో సహా ఎగిరిపోయినయ్."

సాంబయ్య సంచి ముడి విప్పాడు. శ్రావణం నాటి లడీలన్నీ బాట పొడుగునా పరిచి నిప్పు పెట్టాడు. "నా కోడలు ఇయ్యాల సప్పుడు తోని వస్తుంది!" అని గట్టిగా అరిచాడు. బాలలక్ష్మి చెవులు మూసుకుని ఎగిరి ఎగిరి నవ్వింది. అది చూసి యాదవ్వకు కడుపు నిండిపోయింది.

పొగ తేరాక అందరూ ఇంటికి నడిచారు. యాదవ్వ మాత్రం చీపురు తెచ్చుకుని చింతల కింద వెనకటిలాగే ఊడ్చింది. ఈసారి గంపకెత్తినవన్నీ ఎర్ర కాయిదాలే.