గుడ్లగూబను గుర్తుపట్టిన సాయంత్రం

ఆఫీసులో అందరూ ఆమెను కొత్తపెళ్ళికూతురనే పిలిచేవారు. పెళ్ళై రెండు నెలలు కావస్తున్నా ఆ పిలుపు పాతబడలేదు, ఆమె మొహంలో వెలుగూ తగ్గలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా, పెన్ను మూత పోయినట్టే పోయి దొరికినా, సాయంత్రం ఆయనకు చెప్పాలని మనసులో దాచుకునేది.

ఉద్యోగం కూడా అలాంటి సరదాదే. దయ్యాలూ, గ్రహాంతరవాసులూ, ఇంకా రాని కాలాలూ ఉండే కథల సంపుటాలకు ఏటా జాతీయ పురస్కారం ఇచ్చే ఆఫీసు అది. పోటీకి వచ్చిన పుస్తకాల మీద రచయిత ఆనవాలు లేకుండా చేయడం ఆమె పని. పేరున్న పేజీని బ్లేడుతో కోసేసి, వెనకనున్న ఫొటో కనపడకుండా ఖాకీ అట్ట వేసి, ఒక్కోదానికీ ఒక్కో పిట్ట పేరు పెట్టేది. అక్కడ నియమం ఒకటే. పుస్తకం ఎవరిదో, ఎవరి గురించో గుర్తుపట్టినవాళ్ళు ఫలితం ప్రకటించేలోపే చెప్పేయాలి. గదిలో ఎవరు గుర్తుపట్టినా సరే, ఎంత గొప్ప పుస్తకమైనా సరే, పోటీలోంచి పోతుంది. కిందటేడు కొంగ అలాగే పోయింది. "వాక్యానికి మూడేసి చుక్కలు పెట్టేవాడు దేశం మొత్తం మీద మా బావమరిది ఒక్కడే" అని న్యాయనిర్ణేతల్లో ఒకరైన ఫిజిక్సు మేష్టారు పట్టేశారు.

ఈ ఏడు చివరిదాకా నిలిచిన వాటిలో ఒకటి గుడ్లగూబ. ఆఖరి సమావేశం రోజు మధ్యాహ్నం, భోజనం డబ్బా ముందు పెట్టుకుని, ఒక చేత్తో కలుపుకుంటూ ఆమె ఊరికే ఆ పుస్తకం తెరిచింది.

అందులో ఒక వంటిల్లు. ఉప్పు డబ్బా మీద 'చక్కెర' అని చీటీ. అంటించింది కొత్త మొగుడు. పొరపాటని తెలిశాక కూడా పీకకుండా, చూసినప్పుడల్లా ఇద్దరూ నవ్వుకుంటారు. ఎంత పోరినా అతను తడి తువ్వాలు తలుపు మీదే ఆరేస్తాడు. పెళ్ళాన్ని 'కోతీ' అని పిలుస్తాడు.

ఆమె అన్నం కలపడం ఆపేసింది. ఆ డబ్బా వాళ్ళదే. ఆ తువ్వాలూ వాళ్ళదే. ఆ కోతి తనే. పుస్తకం అచ్చయింది మాత్రం పోయినేడు, ఆయన మొహమైనా తను చూడకముందు.

విసిరికొట్టాల్సింది పోయి పేజీ తిప్పింది. ఎంత బాగుందో! తను జడ వేసుకుంటుంటే అద్దంలో వెనకనుంచి ఆయన వెక్కిరించడం, దుప్పటి మడతపెట్టేటప్పుడు చెరో కొసా పట్టుకుని లాక్కోవడం, అన్నీ ఉన్నాయి. చివరి పేజీలో ఇలా ఉంది:

'ఈ ఇల్లు తమదని గుర్తుపట్టి పైకి చెప్పినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ సాయంత్రం గుమ్మం దగ్గర ఇద్దరిలో ఒకరు, ఎవరండీ మీరు, అని అడుగుతారు. చెప్పనివాళ్ళకు ఆ బాధ లేదు. ఎంతకాలమైనా ఇక్కడే చదువుకుంటూ ఉండవచ్చు.'

తలెత్తేసరికి చేతికంటిన కూర ఎండి బిగుసుకుపోయింది. కిటికీలోని ఎండ అవతలి గోడెక్కింది. ఒక్క ముద్దయినా నోట్లోకి పోలేదు.

"ఏమ్మా కొత్తపెళ్ళికూతురా, మీ ఆయన గురించి కలలు కన్నది చాలు, పుస్తకాలు పట్రా!" అని సెక్రటరీగారు కేకేశారు.

సమావేశం గదిలో ఇద్దరే న్యాయనిర్ణేతలు. ఒకరు మేష్టారు, రెండోవారు నవలలు రాసే పెద్దావిడ, ఆఫీసంతటికీ పిన్నిగారు. ఆయన చొక్కా, ఆవిడ జాకెట్టు వదులైపోయి వేలాడుతున్నాయి. టీ వచ్చి చల్లారి మీగడ కట్టినా ముట్టలేదు. మేష్టారి వేలు తన గుడ్లగూబ కాపీ మధ్యలో ఉంది. తీయడం లేదు.

"గుడ్లగూబకే నా ఓటు" అన్నారాయన.

"నాదీ అదే. ఇంక మాటలెందుకు" అంది పిన్నిగారు.

"అబ్బో, ఇద్దరికీ ఒకే పుస్తకం నచ్చడం ఈ జన్మలో చూస్తాననుకోలేదు!" సెక్రటరీగారు నవ్వారు. ఎవరూ నవ్వలేదు.

ఆమె గొంతు సవరించుకుంది. "మేష్టారూ, అందులో వంటింటి గచ్చు ఏ రంగండీ?"

"నీలం. చల్లగా ఉంటుంది. మా ఆవిడ అక్కడే కూర్చుని..." ఆయన ఆగారు. వాళ్ళావిడ పోయి చాలా ఏళ్ళయింది.

"నీలమేంటండీ, ఎరుపైతేనూ!" అంది పిన్నిగారు. "మూల మా అమ్మ కుట్టుమిషను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, వెంటనే కళ్ళు దించుకున్నారు.

"మేష్టారూ, మీరు ఇంటికెళ్ళి ఎన్నాళ్ళైంది?"

"ఇంటికెందుకమ్మా? ఇందులోనే ఉందిగా" అన్నారాయన మెల్లగా, పుస్తకంలోకే చెబుతున్నట్టు.

సెక్రటరీగారు ఇవేమీ పట్టించుకోకుండా కాగితాలు సర్దుకుంటున్నారు. "గెలిచిన పుస్తకం దేశంలో ఉన్న ప్రతి గ్రంథాలయానికీ ఒక కాపీ పోవాలి. ప్రెస్సుకు చెప్పాలి. సరే, అడగాలి కాబట్టి అడుగుతున్నా. ఎవరైనా గుర్తుపట్టారా?"

మేష్టారు పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

ఊరుకుంటే ఏమీ కాదు. ఇంటి దగ్గర ఆయన ఆమెను ఎప్పటికీ మరిచిపోడు. ఎదురుచూస్తూ ఉంటాడు, అంతే. ఇక్కడ ఆమె కాగితం మీది ఆయనతో నవ్వుకుంటూ ఉంటుంది, అక్కడ ఆయన కూర వేడి చేసి, మళ్ళీ వేడి చేసి, గుమ్మంలోకి వచ్చి వీధివైపు చూస్తుంటాడు. ఆ బొమ్మ కంటికి కట్టేసరికి ఆమె చేతిలోని పుస్తకాలు బల్ల మీద పెట్టేసింది. పుస్తకంలోని ఆయన ఎంత నవ్వినా, ఈ రోజు సంగతులు చెప్పుకోవడానికి పనికిరాడు.

"నేను గుర్తుపట్టానండీ" అంది. "అది మా ఇల్లు."

"చంపావ్!" అంటూ సెక్రటరీగారు గుడ్లగూబను లాక్కుని బీరువాలో పడేశారు. మేష్టారి వేలు అందులోంచి ఊడొచ్చింది. ఆయన దాన్నే చూసుకుని, నిద్రలేచినవాడిలా చుట్టూ చూశారు. "ఆకలేస్తోందర్రా" అన్నారు. పిన్నిగారు కళ్ళొత్తుకుంటూ చల్లారిన టీ గటగటా తాగేసింది.

దారి పొడుగునా ఆమె మాటలు కూడబలుక్కుంది. 'నేను మీ భార్యనండీ' అంటే నమ్ముతారా? పెళ్ళి ఫొటో చూపించాలి. ఏడవకూడదు. మళ్ళీ పరిచయం చేసుకుంటే పోలా? మొదటిసారి బాగానే జరిగిందిగా!

తలుపు కొట్టింది. తెరుచుకుంది.

ఎవరో మనిషి. గరిట చేత్తో పట్టుకుని, నవ్వుతూ. ఈ మొహాన్ని ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా చూడలేదు.

"ఏంటే కోతీ, ఇంతాలస్యం?"

"ఎవరండీ మీరు?"

మాట బయటికొచ్చాక గానీ, అడిగింది తనేనని ఆమెకు తెలియలేదు.

అతను పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని నవ్వు మెల్లగా తగ్గి, పెదాల మీదే ఆగిపోయింది. ఆమె కళ్ళలోకి చాలాసేపు చూశాడు. ఏం అర్థమైందో, గుమ్మం దాటి బయటికి వచ్చి, ఆమెకు దారి వదిలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"భయపడకు. నువ్వు లోపలికెళ్ళి గడియ పెట్టుకో. నేనిక్కడే ఉంటాను. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు తియ్యి."

గరిట ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆమె లోపలికి అడుగుపెట్టి, గడియ మీద చెయ్యి వేసి ఆగింది. ఎవరో తెలియదు. కానీ ఇలాంటివాణ్ణి తను పెళ్ళి చేసుకునే ఉంటుంది.

లోపల్నించి మాడు వాసన వచ్చింది.

"లోపలికి రండి" అంది. "మీ కూర మాడిపోతోందండీ."